వేపనూనె పూసిన చేతులు

ఇప్పుడు పిల్లాడు పెన్సిలు విసిరినా బెంజ్ సర్కిల్ దగ్గర డాక్టరు ముందు కూర్చోబెట్టి నెమ్మదిగా మాట్లాడిస్తున్నారు. మంచిదే. నేను గుణదలలో ఓ చిన్న బడిలో ఆయాగా చేరిన రోజుల్లో మొండి పిల్లలకు రెండే వైద్యాలు: దిష్టి తీయడం, తొడపాశం పెట్టడం. (రెండో వైద్యంలో నాకు మంచి పేరే ఉండేది, దాచుకోను.) ఒకటో తరగతిలో ఒక ఆడపిల్లను అందరూ ఎలకపిల్ల అనేవాళ్ళు. కొరికేది మరి! పక్కవాళ్ళ చేతుల మీద రోజూ దాని పళ్ళ గాట్లే. "ఇంకొక్కరిని కొరికిందా, టీసీ ఇచ్చి పంపేస్తాను. చూసుకునే పూచీ నీదే," అన్నారు పెద్ద టీచరుగారు. వాళ్ళమ్మేమో నా చేతులు పట్టుకుని, "ఇది మూడో బడి ఆయమ్మా, ఇంకెవరూ చేర్చుకోరు," అని ఏడ్చింది.

చంటిపిల్లల చేత పాలు మాన్పించడానికి తల్లులు వేపాకు నూరి రాసుకుంటారు కదా, అదే ఉపాయం తట్టింది నాకు. ఆకు నూరే ఓపిక లేక, మర్నాడు పొద్దున్నే క్లాసులో అందరి చేతులకూ మోచేతుల దాకా వేపనూనె పట్టించాను. ఎలకపిల్ల ఎవరి జోలికీ పోలేదు. నాకు మీసం లేదు గానీ ఉంటే మెలేసేదాన్నే. మధ్యాహ్నం ముప్ఫైమందీ పెరుగన్నం కలుపుకుని, తలో ముద్ద నోట్లో పెట్టుకుని, ఒక్కసారే బావురుమన్నారు.

పెద్ద టీచరుగారు పరుగెత్తుకొచ్చి, "అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడిగించమని గోడమీద రాసిపెట్టాను కదా! ఏదీ, పైకి చదువు!" అన్నారు. నాకు అక్షరం ముక్క రాదు. ఆ సంగతి ఎవరికీ తెలీదు. అందుకే ఎప్పటిలాగే ఎగిరిపడ్డాను. "నేను ఆయానండీ, టీచర్ని కాను! మీ ఉద్యోగం మీరే ఉంచుకోండి!" ఎలకపిల్ల నా కొంగు లాగి మెల్లగా, "నీకూ రాదా ఆయమ్మా?" అంది.

అప్పుడు వెలిగింది నాకు. ఆ పిల్ల కొరికేది ఎప్పుడూ బోర్డు దగ్గరికి పిలిచే వేళకే! "దీనికి చదవడం రాదండీ, అందుకే కొరుకుతోంది. నాకూ రాదు, నేను మాటలతో కరుస్తున్నాను," అన్నాను. టీచరుగారు టీసీ పుస్తకం బీరువాలో పడేసి, రెండు పలకలు తెచ్చారు. సాయంత్రాలు వరండాలో ఇద్దరం దిద్దుకున్నాం. అది నాకంటే ముందే గుణింతాల్లోకి వెళ్ళిపోయి, నా పలక చూసి కిసుక్కున నవ్వింది. ఆ రోజు నాకే కొరకాలనిపించింది.

మొన్న మనవరాలు ఫోను నా చేతిలో పెట్టి, ఇంగ్లీషు మెసేజీ ఏదో చదవమంది. "పనీపాటా లేదుటే నీకు!" అని కసిరేశాను. అది బిక్కమొహం వేసింది. దాన్ని దగ్గరికి లాక్కుని, "నాకు రాదు తల్లీ, నేర్పు," అన్నాను. పళ్ళన్నీ ఊడిపోయాయి గానీ, కరిచే బుద్ధి ఎక్కడో ఓ మూల ఇంకా గట్టిగానే ఉంది.