ఐదుసార్లు నొక్కిన షిఫ్ట్

తొంభైల చివర్లో కరీంనగర్ బస్టాండు దగ్గర ఒక మేడ మీద కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. ఆరు కంప్యూటర్లు, నీలం పరదాలు, గుమ్మం బయట చెప్పుల కుప్ప. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. నేను చెప్పేదంతా ఆ మధ్యే నేర్చుకున్నది.

ఒకరోజు ముప్పై దాటిన ఒకామె వచ్చి చేరింది. ఖానాపూర్‌లోని ఒక క్రైస్తవ మిషన్ బడిలో టైపిస్టు. బడికి కంప్యూటర్ రాబోతోందని, రెండు నెలల్లో నేర్చుకుని రమ్మని అక్కడి పెద్ద టీచరమ్మ పంపిందట. ఇక్కడ వాళ్లక్క ఇంట్లో ఉండి వచ్చేది. పసితనంలో పొయ్యి మీద పడి ఆమె రెండు చేతులూ కాలాయి. ఎడమచెయ్యి ముడుచుకుపోయి పిడికిలిలా మిగిలింది. కుడిచేతికి చూపుడువేలు ఒక్కటే విడిగా కదిలేది. ఆ ఒక్క వేలితోనే టైపు పరీక్ష పాసైంది.

"ఎట్ల పాసైనవక్కా?" అని మొదటిరోజే అడిగేసి, నాలుక కరుచుకున్నాను.

ఆమె ఏమీ అనుకోలేదు. "టైపుమిషన్ మీటలు ఎత్తుగ ఉంటయి గదా చెల్లె. పెద్దక్షరం కావాల్నంటే షిఫ్ట్ లాక్ మీద పిడికిలి ఏస్తుంటి. పనయినంక మల్ల పిడికిలితోనే ఇడిపిస్తుంటి. గంతే."

కంప్యూటర్ మీటలు చదునుగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. పిడికిలి ఆనిస్తే షిఫ్ట్‌తో పాటు పక్కనున్న రెండు మూడు మీటలు కూడా దిగేవి. క్యాప్స్ లాక్ నొక్కితే పెద్దక్షరాలు పడతాయి కానీ, మీట పైభాగంలో ఉండే గుర్తులు పడవు; వాటికి షిఫ్ట్‌ను ఒక వేలితో పట్టి ఉంచి, ఇంకో వేలితో ఆ మీట నొక్కాలి. ఆమె పనిలో ఎక్కువ భాగం పరీక్ష పేపర్లు టైపు చేయడమే. వారం తిరిగేసరికి సొంతంగా ఒక పేపరు కొట్టి ప్రింటు తీసింది. ప్రతి ప్రశ్న చివరా ప్రశ్నార్థకం ఉండాల్సిన చోట ఏటవాలు గీత పడింది.

"సూడు చెల్లె, గిండ్ల ఒక్కటి గూడ అడుగుతలేదు. అన్ని గీతలే," అని నవ్వింది. కాగితం బోర్లించి, "పిలగాండ్లు నవ్వుతరు," అంది. అప్పుడు ఆమె ముఖంలో నవ్వు లేదు.

సెంటర్ యజమాని నన్ను పక్కకు పిలిచాడు. "పాపం, ఆమెకు కష్టమైతది. నువ్వే నిమ్మలంగ చెప్పి పంపియ్యరాదు?" అన్నాడు. చెడ్డ మనిషేం కాదు. సరేనన్నాను గానీ, రెండు రోజులైనా నా నోరు పెగల్లేదు.

మూడోరోజు మధ్యాహ్నం ఆమెకే విసుగొచ్చింది. చూపుడువేలితో షిఫ్ట్‌ను టకటకా పొడిచింది. కంప్యూటర్ కుయ్యిమంది. తెర మధ్యలో ఒక డబ్బా తెరుచుకుంది.

"అయ్యో! కరాబు జేసిన్నా ఏంది?"

నేనూ భయపడ్డాను. గబుక్కున మౌస్ లాక్కుని క్యాన్సిల్ కొట్టేశాను.

"ఏమో రాసున్నది గదా, సదవకపోతివి?" అందామె.

సిగ్గేసింది. మళ్లీ నొక్కమన్నాను. ఎన్నిసార్లు నొక్కితే వస్తుందో ఇద్దరం లెక్కపెట్టాం. ఐదుసార్లు. ఈసారి ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివాం. షిఫ్ట్ నొక్కి వదిలేయొచ్చు. తర్వాత నొక్కిన మీటను దానితో కలిపి నొక్కినట్టే కంప్యూటర్ తీసుకుంటుంది. ఓకే కొట్టాం. ఆమె షిఫ్ట్ నొక్కింది, వేలు ఎత్తింది, పక్కనున్న ఏటవాలు గీత మీట నొక్కింది. తెర మీద ప్రశ్నార్థకం పడింది. ఆమె వరస నిండేదాకా అవే కొట్టుకుంటూ పోయింది.

కంప్యూటర్ సెట్టింగులుండే కంట్రోల్ ప్యానెల్‌లో, వికలాంగుల సౌకర్యాలకు గుర్తుగా చక్రాల కుర్చీ బొమ్మ ఒకటి ఉండేది. దీంతో మనకు పనిలేదని ప్రతి బ్యాచ్‌కూ చెప్పి దాటేసేదాన్ని. ఆ సాయంత్రం మొదటిసారి దాన్ని తెరిచి, ఉన్నదంతా చదివాను.

అయినా ఒక్క రోజులో కుదరలేదు. పిడికిలి తగిలి రెండు మీటలు ఒకేసారి దిగితే ఆ సౌకర్యం దానంతటదే ఆగిపోయేది. అలా ఆగకుండా ఒక టిక్కు తీసేయాలని కనుక్కోవడానికి రెండు రోజులు పట్టింది. ఆమె చాయ్ తాగి వచ్చేసరికి మళ్లీ పోయేది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే ఆపేయమని ఇంకో టిక్కు ఉందని తేలింది, అదీ తీశాం. మౌస్ ఆమె చేతికి ఇమడదు కాబట్టి, కుడివైపున్న అంకెల మీటలతో బాణం గుర్తు కదిలేలా పెట్టాను. అది చీమలా పాకింది.

"గిట్లయితే పొద్దుగూకుతది చెల్లె, జర ఉరికియ్యి," అంది. వేగం పెంచాను.

తర్వాతి బ్యాచ్ పిల్లలు కీబోర్డుకు పిచ్చెక్కిందని గోల చేశారు. రోజూ మార్చడం, మళ్లీ పెట్టడం నాకు తలనొప్పైంది. చివరికి యజమానే మూల కంప్యూటర్‌ను ఆమెకు వదిలేసి, దీని సెట్టింగులు ఎవరూ మార్చరాదని కాగితం రాసి అంటించాడు. పంపించే మాట మళ్లీ ఎత్తలేదు.

రెండు నెలలు కాగానే ఆమె ఖానాపూర్ వెళ్లిపోయింది. బడికి కంప్యూటర్ వచ్చిందని కబురు పంపితే, ఒక శనివారం జగిత్యాల మీదుగా బస్సెక్కి వెళ్లాను. కొత్త కంప్యూటర్‌లో ఆ టిక్కులన్నీ నేనే సరిచేసి రావాలని, ఒక కాగితం మీద రాసుకుని మరీ పోయాను.

వెళ్లేసరికి అన్నీ ఆమే పెట్టుకుంది. ఒక్కటీ మరిచిపోలేదు. పైగా ఆమె కుర్చీలో లెక్కల సారు కూర్చుని ఉన్నాడు. ఆయనకు చూపు మందగించి, తెర మీద ఏదీ ఆనేది కాదట. ఆమె ఆ చక్రాల కుర్చీ బొమ్మ తెరిచి, నల్లటి తెర మీద తెల్లటి పెద్ద అక్షరాలు వచ్చేలా మార్చింది. అది నేను ఆమెకు నేర్పలేదు. నేనే ఎప్పుడూ వాడి చూడలేదు.

"మంచిగ కనవడుతున్నదా సారూ?"

"నల్లబల్ల మీద సుద్దతోని రాసినట్టె ఉన్నదమ్మా," అన్నాడాయన, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

నాకు చేయడానికి పనేమీ మిగల్లేదు. కాసేపు వాళ్లిద్దరి వెనక నిలబడ్డాను. మధ్యాహ్నం ఆమె ఇంట్లో జొన్నరొట్టె, చింతచిగురు పప్పు తిన్నాం. కడుపు నిండిందంటే వినకుండా వాళ్లవ్వ ఇంకో రొట్టె వేసింది.