మేడ మీద గులాబీ తొట్లు

ఏలూరులో మేం అద్దెకుంటున్న ఇంట్లో కింద వాటా ఇంటివాళ్లది, పై వాటా మాది. ఆ పైన మేడ. మేడ మెట్లు ఇంట్లోంచి కాదు, వీధివైపు బయటినుంచి ఉంటాయి. ఇంటాయన టైలరు. బజార్లో చిన్న కొట్టు ఉండేది. ఆయన్ని నేను బాబాయిగారు అనేదాన్ని, ఆవిడని పిన్నిగారు. మాకు చుట్టరికం ఏమీ లేదు, వాళ్లు ముస్లింలు, మేం పెంటపాడు వైపు వ్యవసాయం చేసుకునేవాళ్లం. ఒకే ఇంట్లో ఏళ్ల తరబడి ఉంటే ఆ పిలుపులు వాటంతటవే వచ్చేస్తాయి.

బాబాయిగారికి గులాబీల పిచ్చి. మేడ నిండా సిమెంటు తొట్లు, రంగు డబ్బాలు. పొద్దున్నే నమాజు అయ్యాక పైకి వచ్చి, కొట్టుకి వెళ్లే వేళ దాకా వాటి మధ్యే తిరిగేవారు. నేను బట్టలు ఆరేస్తుంటే పలకరించేవారు కానీ ఎక్కువ మాట్లాడేవారు కాదు. దసరా వెళ్లి వానలు తగ్గుముఖం పట్టగానే, గుడ్డకి పనికిరాకుండా పోయిన పాత కత్తెరతో మొక్కలన్నిటినీ మోకాలెత్తుకి కత్తిరించేసేవారు. మొదటి ఏడాది అది చూసి మొక్కలన్నీ పోయాయనుకున్నాను. చలి ముదిరేసరికి అవే మొక్కలు ఆకు కనపడకుండా పూశాయి.

నిరుడు ఆషాఢంలో ఆయన గుండెపోటుతో కొట్లోనే పోయారు.

పిన్నిగారు ఇద్దత్‌లో కూర్చున్నారు. భర్త పోయిన ఆడవాళ్లు నాలుగు నెలల పైచిలుకు గడప దాటకుండా ఉండాలట. మేడ మెట్లు వీధిలోకి ఉన్నాయి కాబట్టి ఆవిడ పైకి కూడా రాలేదు. తాడేపల్లిగూడెంలో ఉండే వాళ్లమ్మాయి మొదట్లో వచ్చి తోడున్నది. వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి, అమ్మకి ఇక ఈ మొక్కల పని కుదరదు, ఎవరైనా తీసుకుంటే ఇచ్చేద్దామక్కా అంది. కొన్నాళ్లు ఆగమన్నాను. నీళ్లు నేను పోస్తానన్నాను. స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పి వచ్చిన సాయంత్రాలు నాకూ ఖాళీయే.

నాకు వరి తెలుసు కానీ గులాబీలు తెలియవు. వానాకాలమంతా నీళ్లు పొయ్యాల్సిన పనే పడలేదు. కొమ్మలు ఇష్టమొచ్చినట్టు పొడుగ్గా సాగి, ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. ఆకుల మీద నల్లమచ్చలు వచ్చి రాలిపోతున్నాయి. రోజూ కింద కిటికీ దగ్గర కూర్చుని పిన్నిగారు మొక్కలెలా ఉన్నాయని అడిగేవారు. బాగానే ఉన్నాయండీ అనేదాన్ని. ఏ తొట్టి గురించి అడుగుతున్నారో నాకు తెలిసేది కాదు. తలుపు పక్కది, టాంకు కిందది, ఎర్రది అని ఆవిడ గుర్తులు చెప్పేవారు. ఏళ్ల తరబడి ఆయన కింద భోజనానికి కూర్చుని ఆ కబుర్లే చెప్పేవారట.

దసరా దాటాక, కత్తిరించే రోజులు వచ్చాయండీ, నేను చేసెయ్యనా అని అడిగాను. ఆవిడ కిటికీ చువ్వ పట్టుకుని లేచి నిలబడ్డారు.

"వద్దమ్మా. అవి ఆయన చెయ్యి పడ్డ కొమ్మలు. ఉండనీ."

నేను మళ్లీ అడగలేదు. వాళ్లమ్మాయికి ఫోన్లో చెబితే, ఆమె కూడా ఈసారికి వదిలెయ్యమంది.

దీపావళి వెళ్లాక వాయుగుండం పట్టింది. వాన విడవకుండా కురిసింది. పెదపాడు వైపు కోతకొచ్చిన చేలు పడిపోయాయని అంతా చెప్పుకుంటున్నారు. మావారు మండవల్లి దగ్గర చేపల చెరువుల మీద సూపర్‌వైజరు. గట్లు తెగుతాయేమోనని ఆయన అక్కడే ఉండిపోయారు. రాలిన ఆకులు అడ్డుపడి మేడ మీద నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయింది. నేను పైకి వెళ్లేసరికి పాదాలు మునిగేంత నీళ్లలో తొట్లు నిలబడి ఉన్నాయి. గొడుగు పక్కన పడేసి చేత్తోనే ఆకులు లాగాను. నీళ్లు సుళ్లు తిరుగుతూ దిగిపోయాయి కానీ తొట్లలో నీరు కదల్లేదు. కింద కన్నాల్లోకి వేళ్లు పెరిగి పూడిపోయాయి. మావారు తిరిగొచ్చాక ఒక్కో తొట్టినీ ఆయన పక్కకి వంచి పట్టుకుంటే, నేను ఇనప చువ్వతో కన్నాలు పొడిచాను.

ఎండ కాసిన తర్వాత అసలు సంగతి బయటపడింది. కొన్ని కొమ్మలు చివరినుంచి కిందికి నల్లబడుతున్నాయి. ఎండు తెగులు అది. పైనుంచి మొదలై మొదలు దాకా దిగిపోతుంది. ఎండినంత మేరా కోసెయ్యకపోతే మొక్క దక్కదని నర్సరీలో అడిగితే చెప్పారు.

ఒక ఎండుకొమ్మ విరిచి పిన్నిగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఏమీ దాచకుండా చెప్పేశాను. ఆవిడ కొమ్మ తీసుకుని గోటితో బెరడు గీకారు. లోపల గోధుమ రంగు. ఇంకొంచెం కింద గీకారు. అక్కడా అంతే.

"ఇది పోయిందమ్మా. మిగతావాటికి ఎంతవరకు వచ్చింది?"

సగం మొక్కలకి వచ్చిందన్నాను. ఇద్దత్ అయిపోవడానికి ఇంక వారం కూడా లేదు. నేను వస్తాను, అప్పటిదాకా ఎండువి మటుకు తీసెయ్యి, పచ్చివి నాకు వదిలెయ్యి అన్నారు. అలాగే చేశాను. కోసిన చోటల్లా పసుపు ముద్ద పెట్టాను.

ఇద్దత్ అయిన మర్నాడు కూతురూ అల్లుడూ వచ్చారు. వాళ్లు ఆవిణ్ణి తాడేపల్లిగూడెం తీసుకెళ్లడానికి వచ్చారు. ప్రయాణం సాయంత్రానికి పెట్టుకుందామని చెప్పి ఆవిడ మేడ ఎక్కారు. ఇన్ని నెలలు కూర్చునే ఉండడంతో మోకాళ్లు పట్టేసి, మెట్టుకో సారి ఆగారు. పైన అన్నీ ఒకసారి తిరిగి చూశారు. ఆ పాత కత్తెర తీసుకుని తలుపు పక్కనున్న తొట్టి దగ్గర కూర్చున్నారు. మొదటి కొమ్మ కోసి పక్కన పెట్టారు. కళ్ల నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు, కొయ్యడం ఆపనూ లేదు. కూతురు దగ్గరికి వెళ్లబోతే నేనే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. రెండు మూడు మొక్కలయ్యాక ఆవిడే, ఎక్కడ కొయ్యాలో చూడు, బయటివైపు చూసే చిగురుమొగ్గకి కాస్త పైన, అని మాకు చూపించడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి మేడంతా బోసిగా అయిపోయింది. ఆ సాయంత్రం ఆవిడ గూడెం వెళ్లలేదు.

కోసిన కొమ్మల్లో బలమైనవి చూసి, మావారు తెచ్చిన ఖాళీ చేపల మేత సంచుల్లో చెరువు మట్టి నింపి గుచ్చాం. చాలామటుకు కుళ్లిపోయాయి. నాలుగైదు చిగురు వేస్తే ఒకటి కూతురు తీసుకెళ్లింది.

నెల ఆలస్యంగా కత్తిరించాం కదా, పూలూ ఆలస్యంగానే వచ్చాయి. టాంకు కిందిది, ఇంకో రెండూ చచ్చిపోయాయి. మిగతావి పూశాయి, అంత విరగబూయలేదు. మొదటి పూలు అల్లుడి చేత బాబాయిగారి సమాధి మీదికి పంపించారు. తర్వాతవి నా జడలోకి వచ్చాయి.

చచ్చిపోయిన మొక్కల తొట్లు ఖాళీగా ఉంటే ఈ ఏడాది మళ్లీ గులాబీలు తెద్దామా అని అడిగాను. పిన్నిగారు వద్దన్నారు. ఆయన ఉండగా మేడ మీద కూరగాయలు పెట్టనిచ్చేవారు కాదట, పురుగు గులాబీలకి ఎక్కుతుందని. ఆవిడకేమో చిక్కుడంటే ఇష్టం. ఆ తొట్లలో చిక్కుడు గింజలు పెట్టి, నా బట్టల తీగ మీదికే పాకించారు. ఇప్పుడు పూతమీద ఉంది. దుప్పట్లు ఆరేసుకోవడానికి నాకు చోటు లేదు. ఆ మాట అంటే, పిట్టగోడ మీద వేసుకోమ్మా, ఎండ బాగా తగులుతుంది అంటారు.