సాక్ష్యం మధ్యలో తీన్‌మార్

ఇది కన్నీళ్లు, సంగీతం, త్యాగం కలగలిసిన మహాగాథ అని మొదలుపెడదామనుకున్నాను. నిజానికి నా వేలు తప్పు బటన్ మీద పడిన కథ.

నిరుడు కోటగిరి చర్చిలో మా పక్కింటి రూతక్క మొదటి పాటల ఆల్బం విడుదల. అందులో ఒక పాట వెనకున్న అనుభవాన్ని అక్క సాక్ష్యంగా చెప్పాలి. ఆమె మాట్లాడుతుంటే వెనకాల మెల్లగా కీబోర్డు వాయించడం నా పని. అదే కీబోర్డుతో నేను పెళ్లి బరాత్‌లకూ పోతాను.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలిన వాళ్ల నాన్న పోయినప్పటి నుంచి అక్క ఆయన మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఆ రోజు మైకు పట్టుకుని, "గీ పాట మా బాపు కోసం రాసిన..." అని ఆగిపోయింది. చర్చంతా ముక్కులు చీదుతోంది. విషాదం ఇంకాస్త పెంచుదామని బటన్ నొక్కాను. తీన్‌మార్ దెబ్బ మొదలైంది.

కంగారులో ఆపే బటన్ కనబడలేదు. ఎప్పుడూ క్షమాపణ గురించి బోధించే పాస్టరుగారి చూపులో నాకు మాత్రం అది దొరకలేదు.

అంతలో ముందు వరుసలోంచి అక్క వాళ్లమ్మ లేచింది. "ఆపకు పోరగా! వీళ్ల బాపు గీ దెబ్బకే ఎగిరేటోడు. పిలువని పెండ్లికి గూడ పోయి ఎగిరేటోడు!"

అక్క ఫక్కున నవ్వింది. "పెండ్లికొడుకు గుర్రం గూడ బెదిరేది," అంది. ఇక ఆగకుండా బాపు ముచ్చట్లు చెప్పి, పాటను ఆ దెబ్బ మీదే పాడింది.

నా వల్లే నోరు తెరిచానని అక్క ఇప్పటికీ అంటుంది. నేనూ కాదనను. ఆల్బంలో మాత్రం ఆ పాట నెమ్మదిగానే ఉంటుంది. రికార్డింగ్ అంతకుముందే అయిపోయింది.