నాలుగు సువార్తలకు ఒకే కాపీ

మా డెస్కులో నా పక్క కుర్చీ సబ్‌ఎడిటర్ ఒక మధ్యాహ్నం, డ్యూటీ ఎక్కకముందే, చాయ్ తాగుదాం రమ్మని నన్ను ఆబిడ్స్ ఆఫీసు నుంచి నాంపల్లి స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్ దాకా నడిపించాడు. అంత దూరం తీసుకెళ్తున్నాడంటే ఎడిటర్‌తో గొడవేదో అయి ఉంటుందనుకున్నాను. చాయ్ వచ్చాక, తనకు జ్ఞానతండ్రిగా ఉండమన్నాడు.

జ్ఞానస్నానం పొందేవాడి పక్కన నిలబడి, ఇతనికి నేను పూచీ అని చెప్పేవాడు జ్ఞానతండ్రి. ఆ తర్వాత విశ్వాసంలో దారి తప్పకుండా చూడాల్సిందీ ఆయనే. నాకున్న అర్హతల్లా మా డెస్కులో కాథలిక్కును నేనొక్కడినే కావడం.

అతనిది సిద్దిపేట వైపు వ్యవసాయ కుటుంబం. భార్య చాదర్‌ఘాట్ దగ్గర ఒక దవాఖానలో నర్సు, పుట్టుకతో కాథలిక్కు. పెళ్ళి చర్చిలోనే అయింది గానీ ఇతను మతం మారలేదు, ఆమె అడగలేదు. ప్రతి ఆదివారం ఆమెతో పూజకు మాత్రం వచ్చేవాడు. జ్ఞానస్నానం పొందినవాళ్ళకే ఇచ్చే దివ్యసత్ప్రసాదం వేళ ఆమె లేచి లైనులోకి వెళ్తుంటే, ఆమె హ్యాండ్‌బ్యాగు అందుకుని మోకాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చేవాడు.

"ఆమె గాడ లైన్ల, నేను గీడ బెంచి మీద. ఇన్నేండ్లు నడిచింది గని ఇగ మంచిగ అనిపిస్తలేదన్నా," అన్నాడు. "ఆమెను బస్సెక్కిచ్చి నేను ఇంటికి మర్లిపోయినట్టుంటది."

వచ్చే ఈస్టర్‌కు ఆమెతో పాటు లేచి నడవాలి. అతని కోరిక అంతే.

సరేనన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. నీకు దేవుడు ఎట్లా తెలిసిండని అడిగాడు. పూచీపడేవాణ్ణి కాబట్టి జవాబు చెప్పాలి. మా ఇంట్లో బైబిల్ షోకేసులో, అద్దం వెనక, పెళ్ళి ఆల్బం పక్కన ఉండేది. చాలా గౌరవంగా చూసుకునేవాళ్ళం, అంటే తెరిచేవాళ్ళం కాదు. మా నానమ్మకు చదువు రాదు. జపమాల చెబుతూ మధ్యలో ఆపి, బేగంబజార్‌లో గింజలున్న చింతపండు ఎట్లా అంటగట్టారో మరియమాతకు వివరంగా చెప్పి, ఆగిన పూస దగ్గరే మళ్ళీ అందుకునేది. వినే మనిషి పక్కనే ఉన్నట్టు మాట్లాడేది. నేనూ ఉన్నారనే అనుకున్నాను. ధూపం వాసన, గంట, మోకాళ్ళ కింద చల్లని గచ్చు, ఇదంతా కలిపితే నా దైవజ్ఞానం.

అయితే పాఠం ఏం లేదు, అంతా అలవాటేనా అన్నాడు. అలవాటు తర్వాత పాఠం వస్తుందని చెప్పాను. నాకింకా రాలేదన్న సంగతి చెప్పలేదు.

అతను పాఠం నుంచే మొదలుపెట్టాడు. చర్చి పక్క గదిలో జ్ఞానస్నానానికి సిద్ధమయ్యేవాళ్ళకు ఆదివారం తరగతులు చెప్పేది రిటైరైన ఒక హెడ్మిస్ట్రెస్. ఆమె చదవమన్నది చదివి, మిగతాది కూడా చదివేశాడు. చేతిలో పెన్ను పెట్టుకుని చదవడమే తప్పయింది.

డెస్కులో అతని పేరు మోగేది ఒక్క పనికి. ఎక్కడో బస్సు బోల్తా పడితే చుట్టుపక్కల మండలాల నుంచి నలుగురు విలేకరులు నాలుగు వార్తలు పంపుతారు. ఒకరు డ్రైవర్ నిద్రపోయాడంటారు, ఇంకొకరు గేదె అడ్డం వచ్చిందంటారు. ఇతను నాలుగూ ముందు పెట్టుకుని, పొసగనివి కొట్టేసి, ఒకే వార్త, మా డెస్కు భాషలో ఒకే కాపీ, చేసేవాడు. అనుమానం ఉంటే తీసెయ్యడమే అతని సిద్ధాంతం.

ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల తపస్సుకాలం సగంలో ఉండగా, సువార్తల్లో ప్రభువు సమాధి నుంచి లేచిన ఈస్టర్ ఉదయం దగ్గరికొచ్చాడు. అక్కడా నలుగురే రాశారు. ఒకరి ప్రకారం సమాధి దగ్గరికి వెళ్ళింది ఇద్దరు స్త్రీలు, ఇంకొకరి ప్రకారం ముగ్గురు, మరొకరికి ఇంకా ఎక్కువమంది, నాలుగో ఆయన మగ్దల మరియమ్మ పేరొక్కటే రాశాడు. దేవదూత ఒకచోట ఒక్కరు, ఒకచోట ఇద్దరు. ఇంత ముఖ్యమైన వార్తను ఇట్లా ఎవరు వదిలారని అతనికి నిజంగానే బాధ కలిగింది.

కూర్చుని నాలుగింటికీ కలిపి ఒక కాపీ తయారుచేశాడు. స్త్రీలను ముగ్గురికి, దూతలను ఇద్దరికి ఖాయం చేశాడు. భూకంపం ఒక్కరే రాశారు కాబట్టి ధ్రువపడలేదని తీసేశాడు. మరియమ్మ ఏడుస్తూ ప్రభువును తోటమాలి అనుకున్న భాగాన్ని విడిగా బాక్సు కట్టాడు. దాన్ని నీటుగా ప్రింటు తీసి హెడ్మిస్ట్రెస్‌కు ఇచ్చాడు. వచ్చే ఏడు క్లాసుకు పనికొస్తది మేడం, ఎవరికీ గడబిడ ఉండదు అన్నాడట.

ఆమె చివరిదాకా చదివి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. తాను ఏ ఇంట్లో అడుగుపెడుతున్నాడో ఈ మనిషికి తెలియదని, ఈ ఈస్టర్‌కు వద్దని, ఇంకో ఏడాది కూర్చోవాలని మా చర్చి విచారణ గురువైన ఫాదర్‌కు చెప్పేసింది.

అతని భార్య నాకు ఫోన్ చేసింది. పూచీ నాదే కదా. "ఇంట్ల కిరాణా చిట్టీ కూడ దిద్దుతడన్నా. ఇప్పుడు దేవుని మీదికి వోయిండు," అంది. గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువుంది. ఆమె కూడా ఈస్టర్ కోసం ఎదురుచూస్తోందని నాకు అప్పుడే తెలిసింది.

ఫాదర్ మా ముగ్గురినీ పిలిపించారు. కాపీ తీరిగ్గా చదివి భాష బాగుందన్నారు. తర్వాత కాగితాలు పక్కన పెట్టి, మీ ఆలుమగలకు మొదట ఎట్లా పరిచయమని అడిగారు.

అతను వార్తలాగే చెప్పాడు. నాంపల్లి స్టేషన్లో రైలు దిగుతూ నాయన జారిపడ్డాడు, కాలు విరిగింది, సాయంత్రం దవాఖానకు తీసుకెళ్తే వార్డు తలుపు దగ్గర ఈమె నిలబడి ఉంది.

ఆమె ఒప్పుకోలేదు. సాయంత్రం కాదు, మధ్యాహ్నం. తాను తలుపు దగ్గర నిలబడలేదు, సెలైన్ సీసా ఇతని చేతికిచ్చి పట్టుకోమంది.

ఫాదర్ నా వైపు చూశారు. అప్పటికే మాది ఒకే డెస్కు, ఆ రోజు నేనూ వెంట ఉన్నాను. సీసా పట్టుకున్నది నేనని చెప్పాను. నాయన కాలు సరిచేస్తుంటే ఆయన అరుపుకు ఇతను స్పృహ తప్పి కింద పడ్డాడు.

"ఔ ఫాదర్, పడ్డడు," అంది ఆమె. "ఇద్దరికీ మంచాలెయ్యాల్సొచ్చింది."

అతను ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"ఇప్పుడు దీన్ని ఒక కాపీ చెయ్యండి. ఏది తీసేస్తారు?" అన్నారు ఫాదర్.

అతను సీరియస్‌గానే ఆలోచించాడు. టైము ఆమె చెప్పిందే పెట్టచ్చు. సెలైన్ అన్నకిచ్చెయ్యచ్చు. ఆ పడుడొక్కటి జర తీసేస్తే సరిపోతుందన్నాడు.

"అది తీస్తే నేను నిన్నెందుకు చేసుకున్ననో ఎవరికి సమజైతది?" అంది ఆమె. "నాయన నొప్పి చూడలేక పడ్డోడు మంచోడైతడనే గద చేసుకున్న."

ఇన్నేళ్ళలో ఆమె ఆ మాట అతనికి చెప్పినట్టు లేదు.

ఫాదర్ అప్పుడు మెల్లగా చెప్పారు. ఇతనికంటే చాలా ముందే ఒకాయన నాలుగు సువార్తలనూ కలిపి ఒకటి చేశాడట. కొన్నిచోట్ల దాన్నే చర్చిలో చదివారట కూడా. చివరికి దాన్ని పక్కనపెట్టి నాలుగూ ఉంచుకున్నారు. ఎవరు ఏం చూశారో, ఏం విన్నారో అది వాళ్ళ దగ్గరుంది, కొట్టెయ్యడానికి మనమెవరం అన్నారు. ఒక్కరే పెన్నుతో కూర్చుని చదివేది కాదిది, అందరి మధ్యా కూర్చుని వినేది, అర్థం కాకపోతే మీకంటే ముందు విన్నవాళ్ళను అడిగేది.

"సరే, సమాధి దగ్గర దూతలు ఎంతమంది?"

"తెల్వది ఫాదర్," అన్నాడు అతను. "లేచిండన్నది మాత్రం నలుగురు ఒక్కతీర్గ చెప్పిన్రు."

టీచరమ్మతో తాను మాట్లాడతానన్నారు ఫాదర్. అతను కాగితాలు వెనక్కివ్వమంటే ఇవ్వలేదు. భూకంపం మాత్రం మళ్ళీ పెట్టమన్నారు.

ఈస్టర్ ముందురోజు చీకటి పడ్డాక మొదలైన పూజలో నా చెయ్యి అతని భుజం మీద ఉండగా తల మీద నీళ్ళు పోశారు. తల తుడుచుకుని వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. సత్ప్రసాదం వేళ ఆమె లేచి, ముందు చూస్తూనే, హ్యాండ్‌బ్యాగు పక్కకు చాపింది. ఎన్నేళ్ళుగానో దాన్ని ఒళ్ళో పెట్టుకునే మనిషి అప్పటికే లేచి ఆమె వెనక నిలబడ్డాడు. ఆమె ఖాళీ బెంచిని ఒకసారి చూసుకుని, బ్యాగు భుజానికి తగిలించుకుని లైనులోకి నడిచింది.