మా పెద్దమ్మ ఇంట్లో వాడని మాట

మొన్న మా మనవడి అంగన్‌వాడీలో తల్లుల సమావేశమంటే, కోడలికి జ్వరంగా ఉండి నేను వెళ్లాను. నర్సమ్మ బొమ్మల అట్టలు చూపిస్తూ జాగ్రత్తలు చెబుతోంది. వేడి గంజి పిల్లలకు అందేచోట పెట్టొద్దంటే అందరూ తలూపారు. బండి మీద పిల్లల్ని ముందు నిలబెట్టొద్దంటే మాత్రం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సగం మంది పిల్లలు వచ్చింది అలాగే. చివరి అట్ట మీద ఒక సీసా, పక్కన పుర్రె. "మందులు పిల్లలకి అందకుండా పెట్టుకోండమ్మా" అంది నర్సమ్మ. "ఏ మందులండి, జొరానివా, చేలో కొట్టేయా?" అని వెనకనుంచి ఎవరో అడిగితే అంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

పత్తీ మిరపా పండించే మా ఊళ్లలో మందు అన్న మాట చేసే చాకిరీ ఇంతా అంతా కాదు. జ్వరానికి వేసుకునేదీ మందే, పురుగుకు కొట్టేదీ మందే, మగవాళ్లు పొద్దుగూకాక చాటుగా పుచ్చుకునేదీ మందే. ఎప్పుడు ఏ మందో విన్నవాళ్లకు తెలిసిపోతుందని మా ధీమా. చిలకలూరిపేట దగ్గర మా పెద్దమ్మ ఇంట్లో ఉండి నేను హైస్కూలు చదివాను. ఆవిడ పొయ్యి ముందు కూర్చునే ఇంటిల్లిపాదినీ నడిపేది. గొంతు అంతటిది. వాళ్లకు లేకలేక పుట్టిన ఆడపిల్ల, నా చెల్లెలు, అప్పుడప్పుడే బడికి పోతోంది.

ఆ ఏడు పత్తికి పురుగు విపరీతంగా పట్టింది. పెద్దనాన్న చేలో మిగిలిన మందును ఖాళీ అయిన దగ్గు టానిక్ సీసాలో పోసి తెచ్చి, గూట్లో పెట్టాడు. అసలు టానిక్ కూడా అక్కడే ఉంది. పొద్దున్నే పిల్ల దగ్గుతుంటే పెద్దమ్మ పొయ్యి దగ్గర్నుంచే కేకేసింది: "గూట్లో మందుంది, మూతెడు పోసుకు తాగవే." కాసేపటికి పిల్ల వచ్చి, "అమ్మా, చేను వాసనొస్తంది" అంది. నోటి పక్కన తెల్లగా కారుతోంది.

పెద్దమ్మ పిల్లనెత్తుకుని వీధిలోకి పరిగెత్తింది. "పిల్ల మందు తాగిందే" అని అరుస్తుంటే, ఎదురింటావిడ వాకిలి ఊడుస్తూనే, "తాగనీ వదినా, దగ్గు తగ్గుద్ది" అంది. "పత్తి మందే" అన్నాక గానీ ఆవిడ చేతిలో చీపురు జారిపోలేదు. పెద్దనాన్న బండి తీశాడు. వెనక పెద్దమ్మ, ఆవిడ ఒళ్లో పిల్ల, చివర్న ఆ సీసా పట్టుకుని నేను. పేటలో డాక్టరుగారు సీసా మీది కాగితం చదివి, "ఇది దగ్గు టానికేగా" అన్నారు. లోపలున్నది పత్తి మందని చెబితే, "పత్తికి సవాలక్ష మందులు. పేరేంటి? డబ్బా ఏదీ?" అని కసిరారు. డబ్బా చేలో గట్టు మీదుంది. పెద్దనాన్న దానికోసం వెనక్కి పోయి వచ్చేలోపల పిల్లకు చొంగ కారడం మొదలైంది, ఒళ్లు చెమటలు పట్టింది. పెద్దమ్మ ఏడవలేదు. పిల్ల కాళ్లు పట్టుకుని అలా నిలబడిపోయింది. ఆవిడ నోట మాట లేకపోవడం నేను చూసింది అప్పుడే, నాకు భయం వేసింది కూడా అందుకే.

పిల్ల దక్కింది. మింగింది కొంచెమే, మిగతాది ఊసేసిందట. ఇంటికొచ్చాక పెద్దమ్మ పురుగుమందుల్ని చేలో ఇనప్పెట్టెలో పెట్టించి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. అంతటితో ఆగలేదు. చేలో కొట్టేదాన్ని ఇకమీదట ఎవరూ మందు అనకూడదు, విషం అనాలి అని ఆర్డరు వేసింది. పెద్దనాన్న పాట్లు చూడాలి. షాపుకెళ్లి "విషం ఇవ్వండి" అంటే, కొత్తగా చేరిన గుమాస్తా కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "ఇంట్లో ఏమన్నా గొడవాండి?" అని అడిగాడట. చర్చిలో పాస్టరుగారు పెద్దనాన్న రాలేదేమని అడిగితే, "విషం కొట్టడానికి పోయాడండి" అని ఈవిడ నిదానంగా చెప్పేది. ఊరు నవ్వింది, తర్వాత అలవాటు పడింది, కొన్ని ఇళ్లలో వాళ్లూ అలాగే అనడం మొదలుపెట్టారు.

సమావేశం నుంచి వచ్చాక చెల్లెలికి ఫోన్ చేశాను. ఇద్దరు పిల్లల తల్లి ఇప్పుడు. ఆ పొద్దు గురించి దానికేమీ గుర్తులేదు, అందరూ చెప్పగా వినడమే. "మరి అమ్మెందుకక్కా, పోయేదాకా నాకు టానిక్ తన చేత్తోనే పోసేది, ముందు తను నాకి చూసి?" అని అడిగింది. తాగిన పిల్లకు కాలం ఆ పొద్దును మరిపించింది గానీ, తాగమన్న తల్లికి మరిపించలేకపోయింది.