రెండో డేక్సా

కుల్సుమ్‌బీకి అక్షరం రాదు. నాగర్‌కర్నూలు దవాఖానలో నేల తుడవడానికి చేరి, చూసి చూసి, ఆపరేషన్ కత్తులు ఉడకబెట్టే పనిదాకా వచ్చింది. పదకొండేళ్లలో ఆమె చేతిమీదుగా పోయిన కత్తికి మరక ఉందని ఎవరూ అనలేదు.

పదిహేను రోజులకొకసారి, గురువారం నాడు, మహబూబ్‌నగర్ నుంచి సర్జన్ వచ్చేవాడు. పొద్దున దిగి మూడు గంటల బస్సుకు వెళ్లిపోయేవాడు. ఆలోపు మూడు ఆపరేషన్లు అయితే గొప్ప. మిగిలినవాళ్లు బండ్లు తిప్పుకొని పోవలసిందే.

లింగాల ఊరి మాసయ్య అట్లా రెండుసార్లు తిరిగిపోయాడు. గజ్జలో జారిన పేగు అక్కడే బిగుసుకుపోతే మనిషి దక్కడని సర్జనే చెప్పాడు. మొదటిసారి వంతు రాలేదు. రెండోసారి వచ్చింది గానీ, పెళ్లాం కిష్టమ్మ పొద్దున్నే కోడికూర, జొన్నరొట్టె కడుపునిండా పెట్టింది. తిన్నవానికి మత్తిస్తే వాంతి ఊపిరిలోకి పోతుందని సర్జన్ బల్లమీంచి దింపేశాడు.

కుల్సుమ్‌బీ అది మరిచిపోలేదు. ఇంకొకటి కూడా గమనించింది. ప్రతి ఆపరేషన్ తర్వాత కత్తులు కడిగి ఉడికేదాకా సర్జన్ చేతులు కట్టుకొని కూర్చుంటున్నాడు.

బీరువా అడుగున తుప్పుపట్టిన పాత ఆపరేషన్ సామాను మూట ఉంది. అడిగి తీసుకుంది. సన్నని బూడిదతో పదిరోజులు తోమింది. బిగుసుకున్న చిమ్టాల, అంటే పట్టుకార్ల, కీళ్లలో నూనె వేసి ఆడించింది. రెండో పొయ్యి మీద, కత్తులు ఉడికించే గిన్నె, రెండో డేక్సా పెట్టింది.

కాంపౌండర్ అబ్దుల్ హమీద్ నవ్వాడు. "ఏంది ఆపా, నువ్వు గూడ సర్జన్‌వైతవా?"

"నవ్వుడు తర్వాత గానీ, జర ఆ పొయ్యి ఊదు భాయి."

రాత్రి నుంచి తన కళ్లముందే పస్తుండేలా, రోగులంతా బుధవారం మధ్యాహ్నానికే రావాలని కబురు పంపింది. గురువారం పొద్దున వరండాలో కిష్టమ్మ మెల్లగా రొట్టెల మూట విప్పబోయింది.

"చెల్లే, ఆ మూట ఇటియ్యి," అంది కుల్సుమ్‌బీ.

"కోసేటోళ్ల కాడికి ఉత్త కడుపుతోని పంపాల్నా అక్కా? ఏమన్న అయితే, ఆకలితోని పోయిండన్న మాట మిగుల్తది నాకు."

"తిన్నడంటే మళ్లీ లింగాలకే. నీకు మొగడు గావాల్నా, పెట్టిందన్న పేరు గావాల్నా?"

కిష్టమ్మ కళ్లు తుడుచుకొని మూట ఇచ్చేసింది.

"జర వాసనన్న చూడనియ్యిండ్రి," అన్నాడు మాసయ్య.

సర్జన్ పాత చిమ్టాలను ఒక్కొక్కటే తెరిచి మూసి వెలుతురులో చూశాడు. ఒకటి పక్కన పెట్టాడు. "ఇది పట్టదు."

ఆమె దాన్ని తీసేసింది. మిగిలినవి డేక్సాలో వేసింది.

మొదటి ఆపరేషన్ కాగానే సర్జన్ అలవాటుగా కుర్చీ వైపు నడిచాడు. అప్పటికే ఉడికిన కత్తులు బల్ల మీద ఉన్నాయి. కూర్చోకుండా చేతులు కడుక్కున్నాడు. మూడోది ముగిసేసరికి ఒంటిగంట. ఎన్నడూ లేనిది, "ఇంకెవరన్న ఉన్నరా?" అని ఆయనే అడిగాడు.

"మాసయ్య ఉన్నడు సాబ్. రాత్రికెళ్లి పస్తు," అంది కుల్సుమ్‌బీ.

రెండు కొట్టకముందే మాసయ్యకు కుట్లు పడ్డాయి. సర్జన్ గడియారం చూశాడు, తలుపు వైపు చూశాడు. డేక్సా మూత కింద నీళ్లు కుతకుతలాడుతున్నాయి.

కుల్సుమ్‌బీ రక్తపు కత్తులు కడుగుతూనే హమీద్‌ను కేకేసింది. "భాయీ, అయిదో మనిషిని లేపు. నీళ్లు గూడ తాపకు!"