నాయీను పాఠం వచ్చిన ఆదివారం

మొన్న మా తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. వాడూ నాలాగే పాస్టరు. "పెదనాన్నా, ఈ ఆదివారం నాయీను విధవరాలి పాఠం వచ్చింది. ఫోన్‌ల ఏఐని అడిగితే ప్రసంగం మొత్తం రాసిచ్చింది, జర చూడవా?" అన్నాడు. కళ్లద్దాలు తుడుచుకుని చదివాను. తప్పు పట్టడానికేమీ లేదు. అయినా చదవడం పూర్తయ్యేసరికి, రోజంతా ఎండలో తిరిగొచ్చినట్టు ఒళ్లు బరువెక్కిపోయింది.

నేను నారాయణగూడలో ఒక చిన్న సంఘానికి కాపరిగా ఉన్న రోజుల్లో, సోమవారం నుంచే ఆ వారానికి సంఘ క్యాలెండరులో ఏర్పాటైన సువార్త పాఠం నా వెంట తిరిగేది. చిక్కడపల్లి మార్కెట్లో కూరలు ఏరుతున్నా, బర్కత్‌పురలో జబ్బుపడినవాళ్లను చూసి వస్తున్నా, దీనికి అర్థం ఏం చెప్పాలన్న గుబులే. మా సంఘంలో అందరూ పెద్దక్క అని పిలిచే ఒక టీచరమ్మ ఉండేది. భర్త లేడు, ఒక్కడే కొడుకు, వాడికి పచ్చకామెర్లు ముదిరాయి. సంఘమంతా ఉపవాసాలుండి ప్రార్థించాం. పోయాడు. నారాయణగూడ సమాధుల తోటలో వాడిని మట్టి చేసి వచ్చిన మర్నాడు, రాబోయే ఆదివారానికి ఏ పాఠం ఏర్పాటై ఉందో చూసుకున్నాను. నాయీను ఊళ్లో ఒక విధవరాలి ఒక్కగానొక్క కొడుకును పాడె మీద మోసుకెళ్తుంటే, ప్రభువు ఎదురొచ్చి, పాడె ఆపి, వాడిని లేపి తల్లికి అప్పగించిన పాఠం.

ఆ వారమంతా నేను తిరగేయని వ్యాఖ్యానం లేదు. ప్రతి పుస్తకంలోనూ మంచి వివరణే ఉంది, కానీ ముందు వరసలో కూర్చునే ఆ తల్లి ముఖం గుర్తొస్తే ఒక్కటీ నోటికి రాలేదు. సంఘ పెద్ద ఒకాయన పాఠం మార్చేయమన్నాడు. నా భార్య మాత్రం, ఆమెనే అడిగి రమ్మంది. శనివారం సాయంత్రం అశోక్‌నగర్‌లో ఆమె ఇంటికి నడిచి వెళ్లాను. టీ ఇచ్చింది. నేను నసుగుతూ సంగతి చెబితే, ఇలా అంది:

"పాఠం మార్చొద్దు అయ్యగారూ. ఆ తల్లికి అడగకుండనే ఇచ్చిండు. నేను అడిగిన, నాకియ్యలే. ఎందుకో మీకు తెల్వదు, నాకు తెల్వదు. తెల్సినట్టు మాత్రం చెప్పొద్దు."

ఆదివారం పాఠం చదివాను. ఆ దేశంలో ఆ రోజు ఇంకెందరు తల్లులు పాడెల వెంట నడిచారో, ఈ ఒక్క పాడె దగ్గరే ఆయన ఎందుకు ఆగాడో నాకు తెలియదని, ఆమె ఏడుపు చూసి దాటిపోలేకపోయాడన్నంతవరకే నాకు అర్థమైందని చెప్పి, వేదిక దిగి కూర్చున్నాను. తరవాత వెనక నుంచి ఒక ముసలామె లేచి వచ్చి పెద్దక్క పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకున్నాకే పెద్దక్క ఏడ్చింది.

వాక్యం విప్పి చెప్పకుండా దిగిపోయానని సంఘ కమిటీలో నన్ను నిలదీశారు. పెద్దక్క మళ్లీ ఆదివారం వచ్చి తన చోటనే కూర్చుంది. చాలాకాలం పాటలో గొంతు కలపలేదు. ఒక క్రిస్మస్ ఆరాధనలో, రెండో చరణం నుంచి, సన్నగా అందుకుంది.

ఇప్పుడు అశోక్‌నగర్‌లో ఆ ఇళ్లు లేవు, వాటి చోట కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. ఎవరింటికైనా వెళ్లాలంటే ముందు మెసేజ్ పెట్టాలి, కింద వాచ్‌మన్‌కి పేరు చెప్పాలి. మావాడి గుడిలో ఆదివారం మూడు ఆరాధనలు, సగంమంది ఇళ్లలో ఉండి ఫోన్లలోనే చూస్తారు. వాడు నాకంటే బాగా చదువుకున్నాడు, బాగా మాట్లాడతాడు. కానీ ఎవరింట్లో ఎవరు పోయారో తెలియకుండా ఆ పాఠం ఎలా విప్పి చెప్పాలో, వాడు అడిగితే చెప్పడానికి నాకూ తెలియదు.